పదమూడు సెకన్లు

మీ రక్తపరీక్ష కాగితం మీద 'నార్మల్' అని రాసి ఉంటే, ఆ నార్మల్ ఎవరిదని మీరు ఎప్పుడైనా అడిగారా?

అడిగి ఉండరు. విజయవాడలో కాలవ ఒడ్డునున్న ఒక నర్సింగ్ హోము ల్యాబులో ఐదేళ్ళు నేను అలాంటి కాగితాలు రాశాను. నన్ను ఒక్కరూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పాల్సి వచ్చేది, ఆ నార్మల్ నాదేనండీ, ఇవాళ పొద్దున నా ఎడమచేతి నరంలోంచి తీసిందే అని.

ఈ మాట ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. కిందటి నెల ఏలూరు వెళ్తూ హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారాల్సి వచ్చింది. అరటిపళ్ళ బండి దగ్గర ఒకామె నన్ను పరకాయించి చూసి, "మీరు ల్యాబులో ఉండేవారు గదండీ" అంది. ఆ నర్సింగ్ హోములో ఆయాగా చేసిన మనిషి. కుశలప్రశ్నలు అయ్యాక, "ల్యాబు అమ్మగారు పోయారండీ. క్రిస్మస్ ముందు. గుణదలలోనే పాతిపెట్టారు" అని చెప్పి, మీకు తెలియదా అన్నట్టు చూసింది. నాకు తెలియదు. నాకు తెలియజేయాలని ఎవరికి మాత్రం ఎందుకు తోస్తుంది?

ల్యాబు అమ్మగారంటే మా ల్యాబుకు పెద్ద. యాభై దాటిన మనిషి, కేథలిక్కు, భర్త పోయి చాలాకాలమైంది. నేను అక్కయ్యగారూ అనేవాణ్ణి. ఆవిడ నన్ను మామూలప్పుడు తమ్ముడూ అని, వేళాకోళమప్పుడు హేతువాది గారూ అని పిలిచేది. ఆవిడ ఎక్కడ పుట్టింది, ఏం చదివింది, పిల్లలెందరు అనేవి నాకు సగమే తెలుసు. అవి ఇక్కడ అనవసరం. ఆవిడ గాజు గొట్టాన్ని పట్టుకునే తీరు మాత్రం నేను పోయేదాకా మరిచిపోను.

ఆ గొట్టం సంగతి కొంచెం చెప్పాలి. ఆపరేషనుకు ముందు రోగి రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూస్తారు. రక్తంలోంచి తేట తీసి, గొట్టంలో పోసి, గోరువెచ్చని నీళ్ళ తొట్టెలో నిలబెట్టి, మద్రాసు నుంచి వచ్చే కుందేలు మెదడు పొడి కలిపిన మందూ కాల్షియమూ వేసి స్టాప్‌వాచీ నొక్కాలి. గడ్డ కనబడగానే ఆపాలి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి పదమూడు సెకన్లు అటూ ఇటూ. అయితే ఆ పొడిని నమ్మడానికి లేదు. ఒక్కో డబ్బా ఒక్కోలా పనిచేస్తుంది. కరెంటు పోయి ఫ్రిజ్జు ఆగిన మర్నాడు మరీ నత్తనడక నడుస్తుంది. అందుకని రోగి గొట్టం పక్కనే ఆరోగ్యవంతుడి గొట్టం ఒకటి పెట్టి, రెంటినీ అదే పొడితో చూసి, పోల్చి చెబుతారు. ఆ రెండో గొట్టాన్ని కంట్రోల్ అంటారు. ఆ ఆరోగ్యవంతుణ్ణి నేను.

అలా ఉండటం నాకు గర్వంగా ఉండేది. తాగను. సిగరెట్ ముట్టను. పొద్దున్నే కృష్ణలో ఈత కొట్టి వచ్చేవాణ్ణి. సాయంత్రాలు సభల్లో బాబాల మీద, తాయెత్తుల మీద, మొక్కుబళ్ళ మీద గొంతు చించుకునేవాణ్ణి. మా డాక్టరుగారు, అంటే నర్సింగ్ హోము యజమాని, పేరున్న సర్జను, నా భుజం తట్టి "నిలువెత్తు నార్మల్‌వయ్యా నువ్వు" అనేవాడు. నేను ఆ మాటను మెడలో పతకంలా వేసుకు తిరిగాను.

ఆవిడ గొట్టాన్ని ఎడమచేత్తో కిటికీ వెలుతురుకు ఎత్తి, కుడిచేతి బొటనవేలు వాచీ మీద ఉంచి, నెమ్మదిగా వంచుతూ లేపుతూ చూసేది. అప్పుడు పెదవులు కదిలేవి. చేరిన కొత్తలో అది చూసి నాకు ఒళ్ళు మండింది.

"అక్కయ్యగారూ, గడ్డకట్టించమని మేరీమాతకు చెబుతున్నారా? కాల్షియం ఒక్కటి చాలదంటారా?" అన్నాను.

ఆవిడ గొట్టం దించకుండా, కదిలే పెదవులు ఆపకుండా, గడ్డ కనబడేదాకా ఉండి, వాచీ నొక్కి, అంకె రాసుకుని, అప్పుడు జవాబిచ్చింది.

"వాచీతోపాటు నేనూ లెక్కపెడుతున్నాను తమ్ముడూ. మధ్యలో ఆగిందేమోనని. నువ్వు వాచీని నమ్ముతావు గదా, నీకా బాధ లేదులే."

నీళ్ళ తొట్టెలో ఆవిడ రెండు థర్మామీటర్లు పెట్టేది. రెండూ ఒకే మాట చెబితే చాలునా అంటే అదీ లేదు. వారానికోసారి రెంటినీ తీసి, పిల్లల వార్డునుంచి మూడోది తెచ్చి పక్కన పెట్టేది. "ఇద్దరూ కూడబలుక్కున్నారేమో" అనేది. చేపల బజారులో కూడా ఇంతేనట. అమ్మేవాడు మొప్ప ఎత్తి చూపించిన చేపను కొనదు, దాని కింద ఉన్నదాన్ని తానే తీసి, మొప్ప ఎత్తి చూస్తుంది. ఆయా చెప్పి నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి. అనుమానప్పక్షి అని పేరు పెట్టాను.

అలాంటి మనిషి ప్రతి ఫిబ్రవరిలో గుణదల మేరీమాత తిరునాళ్ళకు మూడు రోజులు సెలవు పెట్టి, చెప్పుల్లేకుండా కొండెక్కేది. నాకు మింగుడుపడేది కాదు. ఒకసారి గట్టిగానే పట్టుకున్నాను.

"కొబ్బరికాయ కొట్టినవాళ్ళలో ఎందరికి జబ్బు తగ్గింది, కొట్టనివాళ్ళలో ఎందరికి తగ్గింది, లెక్క తీశారా? మీ కొండకు కంట్రోల్ ఏదండీ?"

"లేదు. అక్కడికి నేను కొలవడానికి పోను తమ్ముడూ. కొలిచేచోట మాత్రం నేనెవర్నీ నమ్మను. నిన్ను కూడా."

మొదటి సగం నాకు ఇవాళ్టికీ సమ్మతం కాదు. కొండ మీద అడగకూడని ప్రశ్న అంటూ ఉండదని ఇప్పటికీ వాదిస్తాను. చివరి రెండు మాటలు మాత్రం ఆవిడ నవ్వుతూ అన్నదని, వేళాకోళమని అనుకున్నాను. అక్కడే దెబ్బతిన్నాను.

ఆవిడకు ఒక ఎర్రట్ట నోటుబుక్కు ఉండేది. రెండు నెలలపాటు నర్సింగ్ హోములో పదిమంది చుట్టూ తిరిగి రోజూ రక్తం తీసింది. వంటావిడ, ఎక్స్‌రే ఆయన, వాచ్‌మన్, కాంపౌండరు, నర్సులు, నేను, తాను. అందరి రక్తాన్నీ ఒకే పొడితో, ఒకే పూట చూసి పక్కపక్కన రాసుకుంది. వాచ్‌మన్ అంకె జీతాల మర్నాడల్లా ఎగిరి పడేదట. అతని పేరు కొట్టేసింది. ఒక నర్సుకు నెల తప్పింది, ఆమె పేరూ కొట్టేసింది. కాంపౌండరు ఏవో మాత్రలు మింగుతున్నాడని తేలింది. పొడి చెడిన రోజున అంకెలు కలిసి పెరిగి, పొడి మంచిదైన రోజున కలిసి తగ్గినవాళ్ళు చివరికి ఐదుగురు మిగిలారు. అందులో నేనూ ఉన్నాను.

"చూశారా, నేను పాసయ్యాను. ఇంక నా ఒక్కడిదీ చాలుగా?" అన్నాను.

"ఈ రెండు నెలలూ బాగున్నావు. వచ్చే నెల సంగతి నీకేం తెలుసు?"

"నా ఒళ్ళు నాకు తెలియదా?"

"ఒంటికి తెలిసినవన్నీ మనిషికి చెప్పదు తమ్ముడూ. చూడు. పొడి చెడితే ఐదుగురికీ పెరుగుతుంది. మనిషి చెడితే ఒక్కడికే పెరుగుతుంది. ఒక్కణ్ణే పెట్టుకున్నావనుకో, చెడింది పొడో మనిషో ఎట్లా చెబుతావు?"

ఇంత తేటగా ఒక హేతువాది మాట్లాడగా నేను ఏ వేదిక మీదా వినలేదు. అయినా ఆ పూట నాకు అది నామీద అపనమ్మకంలా తోచింది. ఆవిడ నోటుబుక్కు పట్టుకుని డాక్టరుగారి దగ్గరకు వెళ్ళింది. రోజూ ముగ్గురి రక్తం కలిపి కంట్రోల్‌గా పెడదామని, ఆ ముగ్గుర్నీ నెలనెలా సరిచూద్దామని అడిగింది. ఆయన నోటుబుక్కు తెరవలేదు.

"మద్రాసునుంచి పొడి రావడమే గగనంగా ఉందమ్మా. అది కాస్తా వంటావిడ మీద, ఎక్స్‌రే వాడి మీద తగలేస్తే రోగులకేం మిగులుతుంది? కుర్రాడు గుర్రంలా ఉన్నాడు. వాడు చాలు." నావైపు తిరిగి, "ఏమయ్యా, చాలవూ?" అన్నాడు.

"చాలండి" అన్నాను.

దివిసీమ ఉప్పెనకు ముందు ఏడాది ఫిబ్రవరి అది. ఆవిడ తిరునాళ్ళకు బయల్దేరుతూ, గుమ్మంలో చెప్పులు విడిచి సంచిలో పెట్టుకుంటూ, "కంట్రోల్ పెరిగితే రోగి అంకె రాయకు. ముందు వంటావిడ రక్తం చూడు. మర్చిపోకు" అంది.

"మీరు మీ కొబ్బరికాయ మర్చిపోకండి" అన్నాను.

మర్నాడు ఉయ్యూరు రోడ్డులో ఒక ఊరినుంచి చెరుకు రైతు వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. పిత్తాశయంలో రాయి, పచ్చకామెర్లు. కామెర్లున్నవాళ్ళకు రక్తం ఆలస్యంగా గడ్డకడుతుంది. సూది గుచ్చుతుంటే నన్నే నవ్వించాడు. "చెరుకు రసం తాగీ తాగీ నాలోకే వచ్చేసినట్టుందండీ ఆ రంగు. పిండితే మీక్కూడా గ్లాసుడు వస్తుంది" అన్నాడు. పక్కనున్న భార్య, "ఊరుకోండి, సూది విరుగుద్ది" అని కసిరింది.

నా రక్తం నేనే తీసుకున్నాను. రెండు గొట్టాలూ పెట్టాను. నాది పదిహేడు సెకన్లు. అతనిది పందొమ్మిది.

పదిహేడు చూసి ఒక్క క్షణం ఆగాను. ఆ మాట దాచను. వంటగది పది అడుగుల దూరంలో ఉంది. వంటావిడ ఉల్లిపాయలు తరుగుతున్న చప్పుడు వినబడుతోంది. ముందురోజు కరెంటు పోయింది, పొడి మందగించి ఉంటుంది అనుకున్నాను. నాకు పెరిగింది, అతనికీ పెరిగింది, తేడా రెండే సెకన్లు. చెప్పుల్లేకుండా కొండెక్కే మనిషి పెట్టిన నియమానికి నేను కట్టుబడాలా అన్న ఒక కొంటె పంతం కూడా ఉంది. పదిహేను రోజులుగా నాకు అన్నం సయించడం లేదు. ఈతకు పోవడం మానేశాను. ఎండ అనుకున్నాను. ఫిబ్రవరిలో ఏం ఎండ? ఒంట్లో కామెర్లు మొదలైతే సిగరెట్ తాగేవాళ్ళకు ముందుగా పొగ వెగటు పుడుతుందట. నేను తాగను కదా, నాకా ఆనవాలూ లేదు.

డాక్టరుగారు కాగితం చూసి, "కంట్రోల్ పదిహేడేమిటయ్యా?" అన్నాడు.

"పొడి పాతబడిందండి."

"అంతేలే. నిన్న కరెంటు పోయిందిగా."

రెండు మాటల్లో తేలిపోయింది. మూడో రోజు పొద్దున ఆపరేషను చేశారు.

నాలుగో రోజు ఆవిడ వచ్చింది. నుదుటన కొండ మట్టి ఇంకా ఉంది. అప్పటికి రైతు కుట్లలోంచి రక్తం కారుతూనే ఉంది, కట్టు మీద కట్టు వేస్తున్నారు. ఆవిడ సంచి దించకుండానే రిజిస్టరు తెరిచి, ఆ రోజు పేజీ చూసి, నావైపు చూసింది.

"తమ్ముడూ, ఇట్లా వెలుతుర్లోకి రా."

కిటికీ దగ్గరకు వెళ్ళాను. గొట్టాన్ని చూసినట్టే నా మొహాన్ని వెలుతురుకు తిప్పి, బొటనవేలితో కంటి కిందిరెప్ప లాగింది. చాలాసేపు చూసింది. పెదవులు కదల్లేదు.

"పచ్చగా ఉంది" అంది.

ఆ తర్వాత ఆవిడ పనిలో దిగింది. వంటావిడ రక్తం తీసింది. ఎక్స్‌రే ఆయనది తీసింది. తనది నాచేత తీయించింది. నాది తీసింది. అదే డబ్బాలో పొడి. వంటావిడ పదమూడు. ఎక్స్‌రే ఆయన పదమూడు. ఆవిడ పద్నాలుగు. నేను పద్దెనిమిది. పొడికి ఏ రోగమూ లేదు. రోగం నాకు. రైతుది అప్పటికి ఇరవై ఆరుకు పోయింది.

ఆ మనిషి రక్తానికి కావలసింది ముందుగా రెండు మూడు రోజులు విటమిన్ సూదులు. రాయి అడ్డుపడ్డప్పుడు వచ్చే కామెర్లలో తరచు అంతే కావాలి. ఆ తర్వాత ఆపరేషను చేసి ఉంటే బహుశా ఇంటికి వెళ్ళేవాడు. పందొమ్మిది పక్కన పదమూడు రాసి ఉంటే డాక్టరుగారు తప్పకుండా ఆగేవాడు. ఆయన చెడ్డవాడు కాదు. పందొమ్మిది పక్కన నేను ఉన్నాను. సూదులు ఇచ్చారు, రెండు సీసాల రక్తం ఎక్కించారు. ఆ సాయంత్రం పోయాడు.

వారం తిరక్కుండా నేను పసుపు ముద్దలా మంచం పట్టాను. డాక్టరుగారు స్వయంగా మా గదికి వచ్చాడు. చేతిలో రిజిస్టరుకు సరిపోయే కొత్త పేజీ ఉంది. కంట్రోల్ పదమూడు, రోగి పదిహేను అని రాసి ఉంది. "జరిగింది జరిగిపోయింది. నువ్వు మంచంలో ఉన్నావు, నేను ఆసుపత్రి నడపాలి. కావాలని ఎవరూ చేయలేదు గదయ్యా" అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. పేజీలో ఉన్న అబద్ధం మీద నేను సంతకం చేశాను.

ల్యాబుకు పెద్ద కాబట్టి ఆవిడ కూడా సంతకం చేయాలి. చేయలేదు. ఆ రోజు జరిగింది ఆయా తర్వాత నాకు చెప్పింది. "తప్పు అంకె చెరిపేస్తే తప్పెక్కడ జరిగిందో రేపటివాడికి ఎట్లా తెలుస్తుంది సర్?" అని అడిగిందట. ఆయన అరిచాడట. ఆవిడ తన రెండు థర్మామీటర్లూ కడిగి, తుడిచి, బల్ల మీద పెట్టి, ఎర్రట్ట నోటుబుక్కు మాత్రం సంచిలో వేసుకుని వెళ్ళిపోయిందట. మళ్ళీ ఏ ల్యాబులోనూ పనిచేయలేదు. గుణదలలో పిల్లలకు ట్యూషన్ చెప్పుకుని బతికింది.

ఈ మూడేళ్ళలో నేను ఒక్కసారి కూడా వెళ్ళి చూడలేదు. ఏలూరులో కాలేజీ ల్యాబులో చేరాను. సభలకు పోతూనే ఉన్నాను. ప్రశ్నించని మనిషి బానిస అని నేనంటుంటే జనం చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

ఆవిడ పోయిందని ఆయా చెప్పిన వారానికి ఉయ్యూరు బస్సెక్కాను. రైతు ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. అతని భార్య గుర్తుపట్టలేదు. ఎవరన్న ప్రశ్నకు నర్సింగ్ హోము పేరు చెప్పాను. ఆమె మొహం గట్టిపడింది.

"మళ్ళీ ఎందుకొచ్చారండీ? ఆ అమ్మగారు అప్పుడే వచ్చి చెప్పిందిగా. మాసికం రోజున వచ్చింది."

"ఏమని చెప్పారు?"

"పరీక్ష తప్పు చేసింది మేమేనమ్మా అంది. అప్పుడు నేను సెలవులో ఉన్నాను, ఎట్లా చూడాలో కాగితం మీద రాసిపెట్టి పోలేదు, తప్పు నాదే అంది. ఇంక ఎవరి పేరూ చెప్పలేదు. నేను తిట్టానండీ. ఇంట్లోకి రానివ్వలేదు. ఆ వాకిట్లో, ఎండలో, నేను తిట్టడం అయ్యేదాకా నిలబడే ఉంది. అప్పుడు పోయింది."

రాసిపెట్టలేదు, నిజమే. గుమ్మంలో నిలబడి నోటితో చెప్పింది. నేను కొబ్బరికాయ జోకు వేశాను.

"ఆవిడ చెప్పే వెళ్ళిందమ్మా. విననిది నేను" అన్నాను. గొట్టాల సంగతి, నా రక్తం సంగతి, సంతకం సంగతి, అన్నీ చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు.

"ఎక్కడుంటదండీ ఆవిడిప్పుడు?" అంది.

"పోయారమ్మా."

ఆమె అరుగు మీద కూర్చుంది. "మూడేళ్ళండీ. మూడేళ్ళూ ఆవిణ్ణే తిట్టుకున్నాను" అంది.

సంతకం చేసిన పేజీ అబద్ధమని డాక్టరుగారికి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. ఆ ఎర్రట్ట నోటుబుక్కు ఎవరి దగ్గరుందో తెలియదు. ఆవిడ మేరీమాతకు మొక్కింది కాబట్టి మంచిది అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మొక్కినా మంచిదే అని మా హేతువాదులు సర్దిచెబితే అదీ ఒప్పుకోను. ఆవిడ కొలబద్దను కొలిచింది. నేను కొలబద్దనయ్యానన్న సంబరంలో ఒక మనిషిని చంపాను. దేవుడు లేడన్నవాడి లోపల కూడా ఒక గర్భగుడి ఉంటుంది. నా గుళ్ళో విగ్రహం నేనే.

ఇది చదివి జాలిపడకండి, నా మీదా వద్దు, ఆవిడ మీదా వద్దు. రేపు పొద్దున మీ ఊళ్ళో ల్యాబుకు వెళ్ళండి. రోగం ఉండనక్కర్లేదు, ఊరికే వెళ్ళండి. ఇవాళ కంట్రోల్ ఎవరని అడగండి. ఆ మనిషిని కిందటిసారి ఎప్పుడు, ఎందరి పక్కన పెట్టి చూశారని అడగండి. విసుక్కుంటారు, అయినా అడగండి. ఒక్కడే ఉన్నాడు, వాడు గుర్రంలా ఉన్నాడు అని చెబితే, చొక్కా చెయ్యి పైకి మడిచి బల్ల మీద పెట్టి, నాది కూడా తీసి వాడి పక్కన పెట్టండి అనండి.